గమనరేఖల చరిత్ర: శ్రేఢీక్షేత్రమునుండి గళ్లకాగితమువఱకు

చలనము కంటికిఁ గనఁబడును, కాలము కనఁబడదు. పోవుచున్న బండిని జూడవచ్చును గాని యది పోవుటకుఁ బట్టిన యరగంటను జూడలేము. కనఁబడని యా కాలమును నేలబారు గీఁతగాఁ బఱచి, దానిపై దూరమునో వడినో నిలువునఁ గొలిచి, చలనచరిత్ర మంతయు నొక్కచూపునఁ దెలియునట్లు చేసిన విద్యయే గ్రాఫువిద్య. నేఁడు మన యున్నతపాఠశాలలలో భౌతికశాస్త్రము చదువు ప్రతి బాలుఁడును, ప్రతి బాలికయు దూర–కాల పటమును, వడి–కాల పటమును గీయుచున్నారు. గీయుచున్నారు, సరియే, చదువుచున్నారా యన్నది ప్రశ్న. అక్షరములు దిద్దనేర్చి యింటికి వచ్చిన యుత్తరమును జదువలేనివాని విద్య యెట్టిదో, గ్రాఫు గీయనేర్చి దాని భావమును జెప్పలేనివాని విద్యయు నట్టిదే.

ఈ గ్రాఫు పరదేశమునుండి దిగిన వింతబొమ్మయని కొందఱందురు. మన ప్రాచీనులకుఁ దెలియని దేదియు లేదు గావున నిదియు మన గ్రంథములలో నున్నదే యని మఱికొందఱందురు. రెండును దొందరపాటు మాటలే. చరిత్రను నిదానముగాఁ బరిశీలించినచో, ఈ యింటికిఁ గావలసిన దూలములు కొన్ని మన పెరటిలోను, కొన్ని పరుల పెరటిలోను దొరకినవి. ఏ దూల మెచ్చట దొరకినదో చూపి, ఆ చరిత్రవలన నేఁటి బోధనకుఁ గలుగు మేలును విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

సమానమైన నడకను గుఱించిన లెక్క మనవారికిఁ జిరపరిచితము. 499లో రచింపఁబడిన ఆర్యభటీయమునందే త్రైరాశికము సూత్రరూపమున నున్నది. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యను మూఁటిని దెలిసికొని నాలవదానిని సాధించుటయే త్రైరాశికము. ఒక దినమున నిన్ని యోజనములు నడచువాఁ డిన్ని దినముల కెంత నడచునని యడిగినపుడు, నడక మాఱదను నమ్మకమే యా లెక్కకుఁ బ్రాణము. ఆ నమ్మకమును బొమ్మగా వ్రాసినచో దూర–కాల పటమున మూలబిందువునుండి బయలుదేఱు తిన్నని గీఁత యగును. కావున మన బాలురు తిన్నని గీఁతను జూచినపుడు, “ఇది త్రైరాశికముయొక్క చిత్తరువు” అని చెప్పవచ్చును. వారి తాతల కది తెలిసిన లెక్కయే.

అయితే లోకములో నడకలన్నియు సమానములు గావు. మాఱు నడకను లెక్కించుట యెట్లు? ఈ ప్రశ్నను సూటిగా నడిగినవారిలో జైనగణితవేత్త మహావీరాచార్యుఁ డొకఁడు. ఇతఁడు రాష్ట్రకూటచక్రవర్తి యమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున, గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. తెలుఁగువారికి ఈ గ్రంథముతో దగ్గఱి చుట్టఱికము కలదు. పావులూరి మల్లన దీనిని సారసంగ్రహగణితమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాఁడని కొందఱును, ఆ తరువాతి శతాబ్దివాఁడని కొందఱును దలఁతురు. ఎట్లైనను, మన భాషయొక్క యాదిదశలోనే కవి యొకఁడు లెక్కలపుస్తకమును బద్యములలోఁ గూర్చుట గర్వింపఁదగిన విషయము. శాస్త్రము తెలుఁగున నిమడదని యనువారికిఁ దొమ్మిదివందల యేండ్లక్రిందటనే వచ్చిన సమాధాన మిది. మహావీరుని సంస్కృతమూలమును ఎం. రంగాచార్యులు 1912లో మదరాసునఁ బరిష్కరించి, యాంగ్లానువాదముతోఁ బ్రకటించిరి.

మహావీరుఁ డడిగిన యొక ప్రశ్నయొక్క సారాంశ మిది. ఒకఁడు మొదట 3 వడితో నడచి, క్రమముగా 8 చొప్పున వడిని హెచ్చించుకొనుచుండును. మఱియొకఁడు 21 అను మాఱని వడితో నడచును. ఇద్దఱు నొకేచోటినుండి యొకేమాఱు బయలుదేఱినచో నెప్పుడు కలిసికొందురు? ఆచార్యుఁడు చెప్పిన విధానము చిన్నది. స్థిరమైన వడినుండి యాదిని దీసివేసి, హెచ్చులో సగముచే భాగించి, ఒకటి కలుపవలెను. 21లోనుండి 3 పోఁగా 18. 8లో సగము 4. 18ని 4చే భాగింపఁగా 4½. ఒకటి కలుపఁగా 5½. వారు 5½ దినములకుఁ గలిసికొందురు.

ఈ లెక్కను గళ్లకాగితముపై నుంచి చూతము. నేలబారు గీఁతపై దినములు, నిలువు గీఁతపై వడి. రెండవవాని వడి 21వద్ద నడ్డముగాఁ బోవు తిన్నని గీఁత. మొదటివాని వడి పైకిఁబోవు నేటవాలు గీఁత. సూత్రమునుబట్టి యా గీఁతను గీచినచో నీ రెండును 2¾ దినములవద్ద నొకదానినొకటి ఖండించుకొనును. ఇక్కడనే పిల్లలు తఱుచు పడు గుంట యున్నది. గీఁతలు కలిసినచోటనే మనుష్యులును గలిసిరని వ్రాయుదురు. కాని యది వడి–కాల పటము. అందు గీఁతలు కలియుటకు “ఈ క్షణమున నిద్దఱి వడి సమానము” అనియే యర్థము. నిజమున కా క్షణముననే వారిద్దఱి నడుమ దూర మన్నిటికంటె నెక్కువ. వెనుకఁబడినవాని వడి యంతవఱకుఁ దక్కువ గనుక నెడము పెరుగుచునే వచ్చినది. ఆ క్షణమునుండి తఱుగ నారంభించును. 2¾ దినములకు స్థిరముగా నడచినవాఁడు 57¾ పోయెను; హెచ్చించుకొనుచు నడచినవాఁడు 27½ మాత్రమే పోయెను. నడుమ నెడము 30¼. ఆ యెడము పెరుగుటకుఁ బట్టినంత కాలమే తఱుగుటకును బట్టును. అందుచేతనే కలియుట 2¾కు సరిగా రెట్టింపైన 5½వద్ద జరిగినది. వడి–కాల పటమునఁ గలియికను జూపునది గీఁతలు కలియు చోటు గాదు, గీఁతలక్రింది వైశాల్యములు సమానమగు చోటు. దూర–కాల పటమునైనచోఁ గలియికకు గీఁతల ఖండనమే గుఱుతు. ఒకే కథ, రెండు పటములు, రెండు భాషలు. ఏ భాషలో వ్రాసిరో చూడక చదువుట యనర్థమునకు మూలము.

ఈ లెక్కలోనే మఱియొక సూక్ష్మ మున్నది. నడచువాఁడు మొదటిదినమంతయు 3 వడితోను, రెండవదినమంతయు 11 వడితోను, ఇట్లు దినమునకొక మెట్టు చొప్పున వడిని మార్చెనని యనుకొందము. 3, 11, 19, 27, 35 కూడఁగా 5 దినములకు 95. రెండవవాఁడు 105 పోయెను. ఆఱవదినమున మొదటివాని వడి 43. వెనుకఁబడిన 10ని దినమునకు 22 చొప్పున దీర్చుకొనవలెను గనుక 10/22, అనఁగా 5/11 దినము పట్టును. సమాధానము 5 5/11 దినములు, 5½ కాదు. భేదము స్వల్పమేగాని యర్థవంతము. మెట్లుమెట్లుగా వడి మాఱినచో నొక జవాబు. ఏటవాలుగా నెడతెగక మాఱినచో వేఱొక జవాబు. మహావీరుని సూత్రము రెండవదానికే సరిపోవును. భిన్నదినము వచ్చినపుడు సూత్రము తనంతట తానే మెట్లను జెఱిపి వాలును జేసికొన్నది. మెట్లు వాలుగా మాఱుటయే చలనగణితచరిత్రలోని ముఖ్యఘట్టము.

ఆ వాలును బొమ్మగాఁ జూపినవాఁ డింకొకఁడు కలఁడు. 8వ లేక 9వ శతాబ్దివాఁడైన శ్రీధరాచార్యుఁడు పాటీగణితమున వరుససంఖ్యల మొత్తమును క్షేత్రముగాఁ జూపు విధానమును జెప్పెను. దానికి శ్రేఢీక్షేత్రమని పేరు. అది శరావమువలె, అనఁగా మన మూకుడువలె, అడుగున సన్నమై పైకిఁ బోఁబోవ వెడల్పగు నాకృతి. ఆదిలోనుండి హెచ్చులో సగము తీసివేయఁగా భూమి. పదముల సంఖ్యయే యెత్తు. పదమునకొక హెచ్చు చొప్పున భూమి పెరిగి పైముఖ మగును. ఆ క్షేత్రఫలమే వరుసయొక్క సర్వధనము. ఆ మూకుడును బ్రక్కకుఁ దిరుగవేసి, యెత్తును గాలముగాను, వెడల్పును వడిగాను దలఁచినచో, అది మన వడి–కాల పటమే యగును. వైశాల్యమే దూరమగును.

దీనిని లీలావతిలోని ప్రసిద్ధమైన లెక్కతోఁ బరీక్షింతము. శత్రురాజు నేనుఁగులను బట్టఁగోరిన రాజొకఁడు మొదటిదినమున 2 యోజనములు నడచి, దినదినమును సమానముగా హెచ్చించుకొనుచు, 80 యోజనముల దూరముననున్న పగతుని నగరమును 7 దినములలోఁ జేరెను. దినమునకు హెచ్చెంత? భాస్కరాచార్యుని జవాబు 22/7 యోజనములు. శ్రీధరుని క్షేత్రమును గీయుఁడు. భూమి 2లోనుండి 11/7 తీసివేయఁగా 3/7. దానికి 7 హెచ్చులు, అనఁగా 22, కూడఁగా ముఖము 157/7. రెండును గలిపి సగము చేయఁగా 80/7. ఎత్తు 7చే గుణింపఁగా 80. నేఁడు పాఠశాలలో వడి–కాల పటమునఁ జతుర్భుజవైశాల్యమును గట్టు విద్యార్థి చేయుచున్నది సరిగా నీ లెక్కనే.

మహావీరుని బాటసారికి మాత్రము భూమి 3లోనుండి 4 తీసివేయఁగా ఋణము 1 అగును. అనఁగా నేటవాలు గీఁత సున్నక్రిందనుండి బయలుదేఱును. బాటసారి మొదటి దినములో నెనిమిదవవంతు కాలము వెనుకకు నడచెనని చెప్పవలసివచ్చును! ఇది నవ్వులాటకాదు. శ్రీధరుఁడు ఋణభూమి గల క్షేత్రములను గూడ విచారించియున్నాఁడు. సూత్రమిచ్చిన జవాబును బొమ్మ ప్రశ్నించును. బొమ్మలోని చిక్కును లోకానుభవము ప్రశ్నించును. గ్రాఫువలనఁ గలుగు పెద్దలాభ మిదియే.

ఇంతమాత్రమునఁ బ్రాచీనభారతమున వడి–కాల పటము లుండెనని మేము చెప్పము. శ్రేఢీక్షేత్రము సంఖ్యల మొత్తమునకై పుట్టినది. చలనమున కొఱకుఁ గాదు. బాటసారి లెక్క యొక ప్రకరణమున, మూకుడుక్షేత్ర మొక ప్రకరణమున నుండిపోయినవి. అయినను వడి క్షణక్షణమునకు మాఱునను నెఱుక మన జ్యోతిషమునఁ గలదు. చంద్రుని సగటు దినగతి సుమారు 790 కళల 35 వికళలు. సూర్యునిది 59 కళల 8 వికళలు. వీని యంతరము 731 కళల 27 వికళలు. చంద్రుఁడు సూర్యునికంటె 720 కళలు ముందునకుఁ బోవుటకుఁ బట్టు కాలమే తిథి గావున, సగటుతిథి సుమారు 59 ఘడియలు. కాని చంద్రునినడక సమానము గాదు. నేఁటి స్థానమునకును రేపటి స్థానమునకును గల భేదమును దినగతిగాఁ గొన్నచోఁ దిథ్యంతకాలము తప్పును. అందుచేత 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుఁడు దినగతి స్థూలమనియు, తిథ్యంతము సమీపించినపుడు తాత్కాలికగతిని గ్రహింపవలెననియుఁ జెప్పెను. పటభాషలోఁ జెప్పినచో, వంకరగీఁతపై రెండు బిందువులను గలుపు గీఁతయొక్క వాలు స్థూలగతి. ఒక్క బిందువునొద్ద నా వంకరను దాఁకి పోవు గీఁతయొక్క వాలు తాత్కాలికగతి. పంచాంగమును జూచి తిథిని దెలిసికొను ప్రతి గృహస్థుఁడును దెలియకయే యీ భేదముయొక్క ఫలము ననుభవించుచున్నాఁడు.

ఇఁక పరుల పెరటికిఁ బోదము. 14వ శతాబ్దిపూర్వార్ధమున ఆక్స్‌ఫర్డులోని మెర్టను కళాశాలాపండితు లొక సిద్ధాంతమును జేసిరి. సమానముగా వడి హెచ్చువాఁడు కొంతకాలమునఁ బోవు దూరము, ఆ కాలముయొక్క నడిమిక్షణమున వానికున్న వడితో నెడతెగక పోవువాని దూరముతో సమానమని దాని సారము. వరుసయొక్క మధ్యధనమును బదసంఖ్యచే గుణించినచో సర్వధనము వచ్చునని యార్యభటుఁడు సంఖ్యలను గుఱించి చెప్పినదానిని వీరు చలనమును గుఱించి చెప్పిరి. ఆ శతాబ్దిలోనే ఫ్రాన్సుదేశీయుఁడైన నికొలా ఒరేము కాలమును నేలబారు గీఁతగాఁ గొని, ప్రతి క్షణమునను వడిని నిలువుగీఁతగా నిలిపి, ఆ నిలువుగీఁతల కొనలను గలిపి యేర్పడిన యాకృతియొక్క వైశాల్యమే పోయిన దూరమునకు గుఱుతని వివరించెను. త్రిభుజము తన యెత్తులో సగమెత్తుగల దీర్ఘచతురస్రముతో సమానమను రేఖాగణితముచేతనే మెర్టను సిద్ధాంతము నిరూపింపఁబడెను. బాటసారి లెక్కయు మూకుడుక్షేత్రమును మన దేశమున వేఱువేఱుగా నుండిపోఁగా, వానివంటి రెండును నక్కడ నొకచోటఁ గలిసినవి.

అయితే ఒరేముయొక్క బొమ్మ యూహలోనిదే. ఆయన దేనిని గొలువలేదు. బొమ్మను లోకముతో నొరసి చూచినవాఁడు గెలీలియో. ఏటవాలు పలకపై నున్నని గాడిలో లోహపుగుండ్లను దొర్లించి, సన్నని గొట్టమునుండి కాఱిన నీటిని దూచి కాలమును గొలిచి, సమానకాలములలో గుండు పోవు దూరములు 1, 3, 5, 7 అను బేసిసంఖ్యల వరుసలో నుండునని 1638లో ముద్రితమైన గ్రంథమున వెల్లడించెను. ఈ వరుసను శ్రీధరుని మూకుడులోఁ బెట్టిచూడుఁడు. ఆది 1, హెచ్చు 2, హెచ్చులో సగము 1. భూమి సున్న! మూకుడు త్రిభుజమైపోయినది. నిలుకడనుండి బయలుదేఱి సమానముగా వడి హెచ్చు వస్తువుయొక్క పటము త్రిభుజమేకదా. నాలుగు పదములకు వైశాల్యము 16. దూరము కాలముయొక్క వర్గమునుబట్టి పెరుగునను నియమ మిదియే.

1637లో దెకార్తు రేఖాగణితమును బీజగణితముతో ముడివేసెను. తరువాతి శతాబ్దులలో పటములు పండితుల చేతినుండి యింజనీర్ల చేతికి వచ్చెను. 1901లో ఇంగ్లండున జాన్ పెఱ్ఱీ గణితబోధనాసంస్కరణకై పూని, పిల్లల చేతికి గళ్లకాగిత మీయవలెనని గట్టిగా వాదించెను. అంతవఱకు యూక్లిడు ప్రతిజ్ఞలను వల్లించుటయే గణితమనుకొన్న పాఠశాలలకు గ్రాఫు ప్రవేశించిన దా కాలమునందే. గమనింపఁదగిన దేమనఁగా, గ్రాఫు బడిలోనికి వచ్చినది వల్లెవేఁతకు విరుగుడుగా. ఆ విరుగుడునే మఱల వల్లెవేసినచో నిఁక మందెక్కడిది?

దూర–కాల పటము గ్రంథములలోఁ గాక నిత్యకృత్యమునఁ జూడఁగోరువారు రైల్వేలను జూడవలెను. ఫ్రెంచిశాస్త్రజ్ఞుఁడు మారే 1878లో బ్రకటించిన గ్రంథమునఁ బారిసు–లియాను రైళ్లపట మొకటి కలదు; దానిని గీచినవాఁడు ఇబ్రీ యను నింజనీరు. స్టేషను లొకవైపునఁ బేర్చి, గంటలు వేఱొకవైపునఁ బఱచి, ఒక్కొక్క రైలున కొక్కొక్క వాలుగీఁత. గీఁత నిట్టనిలువుగా నున్నచో మెయిలు. చదునుగా నున్నచోఁ బాసింజరు. స్టేషనువద్ద నడ్డముగాఁ బోయినచో రైలాఁగినది. ఎదురువచ్చు రైళ్ల గీఁతలు వాలు మార్చి దిగును. ఒంటిదారిపై నెదురెదురుగా వచ్చు రెండు గీఁతలు స్టేషనులోనే ఖండించుకొనవలెను. నడుదారిని ఖండించుకొన్నచో నది యపాయము. మన విజయవాడవంటి పెద్దకూడలిలోఁ గంట్రోలు కార్యాలయమువారు రైళ్లను నడపునది యిట్టి పటములతోడనే. నాఁడు చేతితో గీచినదానిని నేఁడు కంప్యూటరు గీయుచున్నది. పిల్లవాఁడు పరీక్షకై గీయు గీఁతకును, రాత్రి రైలులో నిదురించు వేయిమంది ప్రాణములకును సంబంధ మున్నదని చెప్పిన బడులెన్ని?

తిరువూరునకు రైలు లేదు. బస్సే మాకు శరణ్యము. కావున బస్సుతోనే పాఠము చెప్పుకొందము. ఒక బస్సు తిరువూరు విడిచి మైలవరము దిక్కుగా 30 నిమిషములలో 20 కిలోమీటర్లు పోయి, 10 నిమిషము లాఁగి, తరువాతి 20 కిలోమీటర్లను 20 నిమిషములలోఁ బోయి, అక్కడ 20 నిమిషము లాఁగి, గంటలోఁ దిరువూరు తిరిగివచ్చెననుకొందము. తిరువూరునుండి గల దూరమును నిలువునఁ గొలిచినచో గీఁత లేచి, యడ్డముగా సాగి, మఱింత నిట్టగా లేచి, మఱల సాగి, తుదకు దిగి నేలనంటును. ఈ పటమును జూపి “బస్సేమి చేసెను?” అని యడిగినచోఁ బలువురు పిల్లలు “కొండ యెక్కి, చదునున నడచి, మఱల నెక్కి, దిగినది” అందురు. వారిని గసరుట తగదు. వారు గీఁతను గొండచిత్తరువుగాఁ జూచుచున్నారు. నేలబారు గీఁత దారి గాదు, కాలమని వారికెవ్వరును నమ్మకముగాఁ జెప్పలేదు. గీఁత యడ్డముగా నున్నపుడు బస్సాఁగినను గాల మాఁగదు గదా!

అదే ప్రయాణమునకు వడి–కాల పటము గీచినచో నాకృతి పూర్తిగా మాఱును. గంటకు 40, 0, 60, 0, 40 అను నెత్తులుగల దిమ్మెలు. తిరుగుప్రయాణమున నిది నేలక్రిందికి దిగదు. వడికి దిక్కు లేదు గనుక. దిక్కుతోఁ గూడినదానికి మన పాఠ్యపుస్తకములు వేగమని పేరు పెట్టినవి. దాని పటమునందు మాత్రమే తిరుగుప్రయాణము గీఁతక్రిందికి దిగును. వడి, వేగములకు వేఱువేఱు తెలుఁగుమాట లుండుట యదృష్టము. ఆ భేదమును మాటతోనే నేర్పవచ్చును. ఇఁక సగటువడి యెంత? 40, 60, 40 కలిపి మూఁటఁ బంచి 46⅔ అనువా రుందురు. పటమే వారిని దిద్దును. దిమ్మెల వైశాల్యములు 20, 20, 40. మొత్తము 80 కిలోమీటర్లు. పట్టిన కాలము 140 నిమిషములు. సగటు గంటకు సుమారు 34. ఆఁగిన కాలమునకు వైశాల్యము లేదుగాని వెడల్పున్నది; సగటును దించినది యా వెడల్పే. మఱియు దిమ్మెల యంచులు నిట్టనిలువుగా నుండుట కాగితముపైనే. ఏ బస్సును సున్నవడినుండి 60కి రెప్పపాటున నెగురదు. ఆ మూలలను వాలుగాఁ జేయుమని పిల్లలను గోరినచో, వారు మహావీరుని మెట్లనుండి శ్రీధరుని వాలునకుఁ దామే నడచివత్తురు.

ఈ చదువువలన మార్కులు దప్ప వేఱు ప్రయోజన మేమని కొందఱు దల్లిదండ్రు లడుగుదురు. వారికి జవాబు మన నదులే చెప్పఁగలవు. తిరువూరుమీఁదుగా నుత్తరమునకుఁ బోవు జాతీయరహదారి భద్రాచలమును జేరును. అక్కడ గోదావరి నీటిమట్టము 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూఁడవది. 1986లో మట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును జేరెను. వరదదినములలోఁ బ్రజలు “ఇప్పుడెంత?” అని యొక్క యంకెనే యడుగుదురు. కాని గంటగంటకును మట్టమును గుఱుతించి గీఁత గీచినవాఁడు దాని వాలును జూచును. మట్టము 45 అడుగులే యైనను గీఁత నిట్టగా లేచుచున్నచో మూట కట్టవలసినదే. 50 అడుగులున్నను గీఁత చదునై దిగుటకుఁ దిరిగినచోఁ గొంత యూపిరి పీల్చవచ్చును. ఎత్తు నేఁటిసంగతి చెప్పును. వాలు రేపటిసంగతి చెప్పును. దూర–కాల పటమునఁ బిల్లవాఁడు నేర్చిన పాఠ మిదియే కాదా?

వడి–కాల పటముయొక్క వైశాల్యమునకును నిట్టి సాక్ష్యము కలదు. 2024 సెప్టెంబరు మొదటిదినములలో విజయవాడవద్ద బ్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోయెను. ఆ దినములలోనే బుడమేరు పొంగి నగరమున వేలకొలఁది యిండ్లను ముంచెను. క్యూసెక్కనఁగా క్షణమున కొక ఘనపుటడుగు, అది వడి. టి.ఎం.సి. యనఁగా నూఱుకోట్ల ఘనపుటడుగులు, అది మొత్తము. ఒక దినమునకు 86,400 క్షణములు గనుక, 11 లక్షల క్యూసెక్కులు దినమంతయు నట్లే ప్రవహించినచో సుమారు 95 టి.ఎం.సి.ల నీరగును. ప్రవాహము హెచ్చుతగ్గులతో నున్నపుడు ప్రవాహ–కాల పటముక్రింది వైశాల్యమే యా మొత్తమును జెప్పును. పత్రికలలో నీ రెండుమాటలును నిత్యము వచ్చుచుండఁగా, వడికిని మొత్తమునకును భేద మెఱుఁగనివారికి నీటితగవులలో నెవరిమాట నమ్మవలెనో తెలియదు. ప్రజలకు లెక్క తెలియనిచోట నధికారమున కెదురు లేదు. మాటకారికి లోటు లేదు.

కావున మన బోధనలోఁ గొన్ని మార్పు లవసరము. మొదట సూత్రమును జెప్పి తరువాత గీఁతను గీయించుట మానవలెను. కథ ముందు, గీఁత తరువాత, సూత్రము చివర. పటము నిచ్చి యా కథను బిల్లలచే మాటలలోఁ జెప్పింపవలెను. కథ చెప్పి పటమును గీయింపవలెను. బోధనభాష యేదైనను, ఈ కథను మాత్రము తల్లిభాషలోఁ జెప్పనీయవలెను; వాలు, మెట్టు, దిమ్మె, ఎడము అను మాట లింటినుండి వచ్చినవి గనుక భావము వానిని జక్కఁగా నంటుకొనును. నేలబారున నేది, నిలువున నేది యని యడుగక యే పటమును జదువనీయరాదు. ఏటవాలు పలక, గోళీ, గడియారము. బడి యావరణలో నొక సైకిలు, కొలతటేపు: ఇవి లేని పల్లె లేదు. తాము గొలిచిన యంకెలతో గీచిన గీఁత తిన్నగా రాకున్నను, అచ్చుపుస్తకములోని తిన్నని గీఁతకంటె నదియే మేలైన గురువు. బాలికలను గీఁతలు దిద్దుటకును, బాలురను గొలుచుటకును నియమించు దురాచారము ప్రయోగశాలలలో నింకను గనఁబడుచున్నది, అదియుఁ దొలఁగవలెను.

మహావీరుఁడు లెక్కను గట్టెను, శ్రీధరుఁడు మూకుడును జూపెను, మల్లన తెలుఁగు చేసెను, ఒరేము బొమ్మను గీచెను, గెలీలియో కొలిచెను. వీరిలో నెవ్వఁడును ముందువానిదానిని వల్లించి యూరకుండలేదు. వారి కష్టఫల మంతయు నేఁ డొక గళ్లకాగితముపై మన పిల్లల ముందున్నది. దానిని వారు గీచి మడిచి పెట్టకుండ, చదివి ప్రశ్నించునట్లు చేయుట యుపాధ్యాయుల వంతు. అట్టి చదువును గోరి యడుగుట తల్లిదండ్రుల వంతు.